వాకిట్లో వేలి మందం నీళ్ళు

నేను తప్పు ఒప్పుకోగా చూసినవాళ్ళు ఈ లోకంలో ఎక్కువమంది లేరు. ఆ కొద్దిమందిలో ఒక తాపీమేస్త్రి ఉన్నాడు. నేను ఉద్యోగం వదిలి రెండేళ్ళయింది. ఇప్పుడు కొత్తగా ఊళ్ళమీదికి వెళ్ళే అమ్మాయిలు వచ్చి “మీ అనుభవాలు చెప్పండి” అంటూ ఉంటారు. కాన్పులు, కలరా, వాగు దాటడాలు చెబుతానని వాళ్ళ ఆశ. వాటికి నా అవసరం లేదు, ఎవరైనా చెబుతారు. నేను మా వాకిట్లో నిలిచిన వాననీళ్ళ గురించి చెబుతాను. ఆ నీళ్ళ వల్ల ఒక మనిషి పేరు పోయింది. పోగొట్టింది నేను.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. నేను హెల్త్ విజిటరుని. గోదావరి వైపు పుట్టి, మద్రాసులో కాలేజీ చదివి, ఫిజిక్సులో మంచి మార్కులు తెచ్చుకుని, ఆ మార్కులకు ఏ సంబంధమూ లేని ఈ ఉద్యోగంలో చేరాను. మా సంస్థ పెద్దాఫీసు మదనపల్లెలో. నన్ను వేసింది పుంగనూరులో. అక్కడ ఒక పెంకుటింట్లో సగం నా కాపురం, సగం తల్లీబిడ్డల కేంద్రం. గురువారం గురువారం చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు బిడ్డల్ని ఎత్తుకొచ్చేవారు. నెలలు నిండినవాళ్ళు ఎద్దులబండి మీద గేటు దాటి వసారా మెట్ల దాకా వచ్చేవారు.

ఆ గేటుకీ మెట్లకీ మధ్య నలభై అడుగుల బండిబాట. మట్టిది. వాన పడితే చక్రం ఇరుసు దాకా దిగేది. ఒకసారి నొప్పులు పడుతున్న మనిషిని నేనూ, ఆయా, బండివాడూ కలిసి దుప్పట్లో మోసుకొచ్చాం. ఆ రాత్రే మదనపల్లెకు రాశాను, బాటకు బండలు పరిపించమని. అచ్చం అర్జీలా కాదు, పోట్లాటలా రాశాను. నా ఉత్తరాలన్నీ అలాగే ఉండేవట. అందుకే త్వరగా చదివేవారట.

అనుమతి వచ్చింది. దానితోపాటు మా సెక్రటరీగారు నోటిమాటగా ఒక హెచ్చరిక కూడా చేశారు. “ఆ వైపు పనివాళ్ళు వాటాలు అడుగుతారమ్మా, జాగ్రత్త.” ఆయన ఆ వైపు ఎప్పుడూ వచ్చినవారు కారు. అయినా ఆ మాట నా చెవిలో కూర్చుంది.

మేస్త్రి బైరెడ్డిపల్లె పక్క పల్లెవాడు. యాభై దాటినవాడు, తక్కువ మాటల మనిషి. పని చేస్తున్నంతసేపూ బుగ్గన ఆకూవక్కా ఉండేది. ఆయన భార్య సున్నం కలిపేది, నీళ్ళు మోసేది, ఆయన మాట్లాడవలసిన మాటలు కూడా ఆవిడే మాట్లాడేది. మా సంస్థ వాళ్ళు కుప్పంలో కొత్త కేంద్రం కట్టబోతున్నారు. ఈ బాట పని బాగుంటే కుప్పం పని కూడా ఈయనకే అని మదనపల్లెలో అనుకున్నారు. అది ఆయనకూ తెలుసు. “కుప్పం కట్టడం దొరికితే సాలమ్మా. ఇంగ ఊరూరు తిరిగే పని ఉండదు. ఈయప్పకి మోకాళ్ళు పోయిండాయి” అని ఆవిడ మొదటిరోజే నాతో అంది. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోయినట్టు ప్రవర్తించాను. రెండూ ఒకటి కాదు.

నాకు అప్పటికి ఆ సీమ భాష వచ్చేసిందని గర్వం. మొదటి నెలలో ఒకావిడ “బిడ్డకి తొందరగా ఉండాదమ్మా” అంటే, “తొందరైతే లైను తప్పించి ముందుకు రా” అన్నాను. అందరూ నవ్వారు. అక్కడ తొందరంటే బాధ, కష్టం. బిడ్డకు జబ్బుగా ఉందని ఆవిడ చెప్పింది. అప్పటినుంచి ఒక చిన్న పుస్తకంలో మాటలు రాసుకునేదాన్ని. పుస్తకం సగం నిండగానే పండితురాలినైపోయాను.

బండలు దిగిన రోజు మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు. ఆ రోజు నా చెవిన పడ్డ మాటలు పడ్డట్టే రాస్తున్నాను.

“అమ్మా, వాటా ఇయ్యాల గదా?”

నాకు ఒళ్ళు మండింది. పట్టపగలు, ఆయా ముందే అడుగుతున్నాడు! “ఇచ్చేది లేదు” అన్నాను.

“ఇయ్యకుంటే రేపు మీకే తొందరమ్మా.”

తొందరంటే ఏమిటో నాకు తెలుసు కదా, పుస్తకంలో ఉంది. అంటే బెదిరిస్తున్నాడు.

“రేపటి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నేను చెప్పినట్టు లెవెలుగా వెయ్యి.”

“కొంచెమన్నా?”

“రవ్వంత కూడా ఇవ్వను.”

ఆయన నావైపూ, ఆకాశంవైపూ, మళ్ళీ నావైపూ చూశాడు. “అయితే లెవెలే?”

“లెవెలే. ఇటూ అటూ అంచురాళ్ళు కూడా నిలబెట్టు. బండి చక్రాలు నా పూలమొక్కల మీదికి పోకూడదు.”

“అంచు గూడానా?” అని భుజం మీద తువ్వాలు సర్దుకుని, “సరేమ్మా. మీ ఇల్లు, మీ ఇష్టం” అంటూ వెళ్ళిపోయాడు.

వసారాలో ఆయా ఏదో అనబోయింది. “నువ్వు నోరు మూసుకో” అన్నాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

పని అద్భుతంగా చేశాడు. ప్రతి బండ మీదా రసమట్టం పెట్టి, అందులో బుడగ సరిగ్గా నడిమికి వచ్చేదాకా కింద ఇసుక తీసేవాడు, పోసేవాడు. సందుల్లో సున్నం గార చీమ దూరకుండా పూశాడు. చెప్పినదానికన్నా మూడు రోజులు ఎక్కువ పట్టింది. వాటా ఇవ్వలేదని కాలయాపన చేస్తున్నాడని నేను నిర్ణయించుకున్నాను. మనిషి మీద ఒకసారి అనుమానం పడితే ఆయన శ్రద్ధ కూడా సాక్ష్యంగానే కనిపిస్తుంది.

అక్టోబరు వాన వచ్చింది. ముసురు పట్టి మూడు వారాలు సరిగ్గా విడవలేదు. మొదటి ఉదయం తలుపు తీస్తే, గేటు నుంచి మెట్ల దాకా బాట తాంబాళంలో పోసిన నీళ్ళలా మెరుస్తోంది. బురద లేదు, నిజమే. నీళ్ళున్నాయి. ఎటూ పోవు. వాన ఆగినా పోవు.

అప్పుడు నేను ఊరూరా చెప్పే పాఠం ఏమిటో తెలుసా? ఇంటి ముందు నీళ్ళు నిలవనివ్వకండి, దోమలు పెరుగుతాయి, చలిజ్వరం వస్తుంది అని. ఒక గాజుసీసాలో దోమపిల్లల్ని పట్టి తీసుకెళ్ళి చూపించేదాన్ని. ఆ మరుసటి వారం గురువారం ఆడవాళ్ళు చీరకుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఆ నీళ్ళలోంచే నడిచివచ్చారు. ఒక ముసలావిడ సగం దారిలో ఆగి, వంగి, తదేకంగా చూసి తల ఎత్తింది.

“యాలమ్మా సీసాలో పట్టుకోని మా ఊరికంతా మోస్తావు? మీ వాకిట్లోనే ఉండాయే, ఈతలు కొడతాండాయి. మమ్మల్నే ఈడికి పిలిస్తే సూసిపోతుంటిమే!”

వసారా అంతా నవ్వు. చంకల్లో పిల్లలు కూడా నవ్వినట్టే అనిపించింది. నేను ఎవరికైనా జవాబు చెప్పగలను. ఆవిడ చెప్పింది మాత్రం పాఠం ప్రకారం సరైన మాట.

ఆ కోపం ఎటు పోవాలి? మధ్యాహ్నమే మదనపల్లెకు ఉత్తరం రాశాను. మేస్త్రి వాటా అడిగాడని, నేను ఇవ్వనన్నానని, ఇవ్వకపోతే కష్టం తప్పదని బెదిరించాడని, కావాలనే పని చెడగొట్టాడని. నాలుగు వాక్యాలు. నా జీవితంలో ఇంత పొందికగా ఇంకేదీ రాయలేదు. పది రోజుల్లో జవాబు వచ్చింది. కుప్పం పనికి వేరే మేస్త్రిని చూసుకున్నామని, ఈయనకు కారణం కూడా తెలియజేశామని.

నాకు తృప్తి కలగాలి. కలగలేదు. ఎందుకంటే నీళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి, నాకేమో వాటి మీద కోపం పోయి ఆసక్తి పట్టుకుంది. నీళ్ళు ఎందుకు కదలవు? పనిలేనిదానిలా గొడుగు పట్టుకుని గంటసేపు చూస్తూ నిలబడ్డాను. ఆయా దగ్గర చేటెడు రాగిపొట్టు తీసుకుని నీళ్ళ మీద చల్లాను. నీళ్ళు ఏ మూలకు జరిగితే పొట్టు ఆ మూలకు పోవాలి కదా. గాలికి కాస్త ఇటూ అటూ ఊగింది తప్ప, పడ్డచోటనే కూర్చుంది. బిడ్డల పొడవు కొలిచే కర్రస్కేలు తెచ్చి గేటు దగ్గర లోతు కొలిచాను. వేలి మందం. నడుమ కొలిచాను. వేలి మందం. మెట్ల దగ్గర, ఆ అంచున, ఈ అంచున, ఏడుచోట్ల కొలిచాను. అన్నిచోట్లా వేలి మందమే.

అక్కడే స్కేలు పట్టుకుని నిలబడిపోయాను. కావాలని చెడగొట్టినవాడు ఎక్కడో ఒక గుంట వదిలేస్తాడు, ఒక బండ పల్లంగా వేస్తాడు. నలభై అడుగుల పొడవునా వెంట్రుకంత తేడా లేకుండా చెడగొట్టడానికి ఎవడు కష్టపడతాడు? ఇది చెడగొట్టిన పని కాదు. నేను చూసినవాటన్నిటిలోకీ మంచి పని. మరి నీళ్ళెందుకు నిలిచాయి? సమంగా ఉంది గనకే నిలిచాయి. సమంగా ఉన్నచోట నీళ్ళు నిలబడతాయని ఫిజిక్సులో నాకు చెప్పారు. నేను రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

లెవెలుగా వెయ్యమన్నది ఎవరు?

“అమ్మా, వానలో తడస్తాండారు, లోపలికి రాండి” అని ఆయా కేకేసింది. నేను వెనక్కి వెళ్ళేసరికి పెరటి పంచలో గిన్నెలు తోముతోంది. అక్కడ ఆవిడ ఒలకబోసిన నీళ్ళు చక్కగా గోడవారగా పారి కాలువలో పడుతున్నాయి. అది చూస్తే నాకు ఒళ్ళు మండింది. “ఇక్కడ పోతున్నాయే! అక్కడెందుకు పోవు?” అన్నాను.

“ఈడ వాటం ఉండాది గదమ్మా.”

“ఏముంది?”

“వాటం.”

“వాటమంటే?”

ఆయా చేతిలో గిన్నె ఆగింది. చదువుకున్న మనిషి ఎగతాళి చేస్తోందేమోనని నా ముఖం చూసింది. “నీళ్ళు పోయేదానికి నేల ఒక పక్కకి వాల్చేది. ఎవురికి తెలీదమ్మా వాటమంటే?”

నాకు తెలీదు. గాలివాటం తెలుసు, చేతివాటం తెలుసు. మేస్త్రుల వాటం తెలీదు. కాళ్ళకింద నేల నిజంగానే ఒక పక్కకు వాలినట్టయింది. “ఆ రోజు మేస్త్రి నన్ను అడిగింది...” అన్నాను.

“వాటం ఇయ్యాల గదా అని అడిగె. మీరు వద్దంటిరి. రవ్వంత గూడా ఇయ్యనంటిరి. నేనూ అనుకుంటి, ఇదేందిరా సామీ, నీళ్ళెట్ట పోతాయి అని.”

“మరి నువ్వెందుకు చెప్పలేదు?”

“సెప్పబోతి గదమ్మా. నోరు మూసుకోమంటిరి.”

మరుసటి రోజే బయలుదేరాను. కుప్పంలో ముగ్గు పోసి పునాది తవ్వే రోజు దగ్గర్లోనే ఉంది, మదనపల్లె నుంచి మా సంస్థ నడిపే పెద్ద డాక్టరమ్మ కూడా వస్తున్నారని తెలుసు. పెట్రోలు కరువు రోజులు. బొగ్గుతో నడిచే బస్సు పలమనేరు ఎక్కేసరికి రెండుసార్లు ఊపిరాడక ఆగింది. బైరెడ్డిపల్లెలో దిగి మేస్త్రి పల్లెకు నడిచాను.

ఆయన భార్య ఇంటి ముందు రాగులు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు. “ఏమ్మా, సోదా సెయ్యను వస్తివా? సూసుకో పో. వాటా అంతా ఆ అటక మింద మూట కట్టి పెట్టిండాము.”

“అమ్మా, నేను...”

“నీళ్ళు తాగేదానికి ఎవురింటికి పోయినా, వాటా అడిగినోని పెండ్లామా అంటాండారు. ముప్పై ఏండ్లు గోడలు కట్టినాడు. ఒగ గోడన్నా పడిండాదేమో అడుగు పో.”

మేస్త్రి పంచలో తిరగలిరాయికి గాట్లు పెడుతున్నాడు. లేవలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. ఏం వినపడిందో, ఏం రాశానో, ఏమీ వదలకుండా. చెప్పడం అయ్యాక ఆయన ఉలి పక్కన పెట్టాడు.

“అయితే ఆ పొద్దు రవ్వంత గూడా ఇయ్యను అంటిరే, అది దుడ్డు సంగతా?”

“అవును.”

“నేను వాలు సంగతి అనుకుంటి.” చేతికంటిన రాతిపొడి దులుపుకున్నాడు. తర్వాత, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు. “వాటం లేకుండా ఏసేది ఎంత కష్టమో మీకు తెలీదమ్మా. సేతులు వాటికవే వాలిస్తాయి, ముప్పై ఏండ్ల అలవాటు. సదువుకున్నమ్మ సెప్పిండాది, దాంట్లో ఏదో ఉంటాదని, బుడగ నడిమికి తెచ్చేదానికి మూడు దినాలు ప్రాణం పోయె.”

“నాతో కుప్పం రా అప్పా. అందరి ముందూ చెబుతాను.”

“నేను రాను. నోరు జారినోళ్ళే పోయి ఏరుకోవాల.”

చేట చప్పుడు ఆగింది. ఆవిడ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. అది నన్ను క్షమించడం కాదు. నడిచి వచ్చిన మనిషికి నీళ్ళివ్వడం, అంతే. తాగాను.

ముగ్గు పోసే రోజున కుప్పంలో స్థలం దగ్గర పదిమంది ఉన్నారు. పెద్ద డాక్టరమ్మ కుర్చీలో, సెక్రటరీగారు గొడుగు కింద, కొత్త మేస్త్రి ముగ్గుతాడు పట్టుకుని. కొత్తాయన అరవం, తెలుగు కలిపి మాట్లాడే మనిషి. నేను మొహమాటం లేకుండా మొదలుపెట్టాను, ఎందుకంటే మొహమాటపడితే సగమే చెబుతానని నాకు తెలుసు. పుంగనూరు మేస్త్రి వాటా అడగలేదని, వాటం అడిగాడని, వినడం నాకు చేతకాలేదని చెప్పాను.

సెక్రటరీగారు నవ్వారు. “వాటా అయితేనేం, వాటం అయితేనేం! ఒక సున్న తేడాకి ఇంత దూరం వచ్చారా?”

“సున్నం పనిచేసే మనిషికి నేను ఆ సున్నే లేకుండా చేశానండీ” అన్నాను. “మీరు హెచ్చరించింది కూడా తలకెక్కించుకున్నాను. అది కూడా ఉత్తరంలో రాయమంటారా?”

ఆయన గొడుగు కాస్త కిందికి దించుకున్నారు.

పెద్ద డాక్టరమ్మ కొత్త మేస్త్రివైపు తిరిగి, “వాటం అంటే ఏమిటయ్యా?” అని అడిగారు. పరీక్షించడానికి కాదు. ఆవిడకూ తెలీదు.

“తణ్ణి పోయే వాటమమ్మా!” అని ఆయన చేతిని గాలిలో ఏటవాలుగా జరిపి చూపించాడు. కన్నడంలోనూ అదే మాటన్నాడు పక్కనున్న కూలీ. మూడు భాషల వాళ్ళకు తెలిసిన మాట, పట్టాలున్న మా ముగ్గురికీ ఎవరో చెప్పాల్సివచ్చింది.

అయినా అంతా సర్దుకోలేదు. కొత్త మేస్త్రికి మాట ఇచ్చేశారు, ఆయనా పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడే. గోడలు ఆయనవే అన్నారు. నేను వాదించాను. పెద్ద డాక్టరమ్మ చాలాసేపు విని, “నలభై అడుగులు వెంట్రుక తేడా లేకుండా వేసినవాడికి నేల పని ఇస్తే నష్టమేమిటి?” అన్నారు. నేలలు, వసారాలు, స్నానాల గదులు, కాలువలు పాత మేస్త్రివి. సగం పని. అక్కడి నుంచే మదనపల్లె ఆఫీసుకు వెళ్ళి, జరిగింది జరిగినట్టు రాసిన నా రెండో ఉత్తరాన్ని ఫైల్లో ఉన్న మొదటి ఉత్తరానికి గుండుసూదితో కలిపి గుచ్చమన్నాను. నా కళ్ళముందు గుచ్చేదాకా కదల్లేదు. ఉత్తరం కాగితం గనక అతుక్కుంది. పల్లెలో ఆడవాళ్ళ నోళ్ళకు అలాంటి గుండుసూది లేదు. ఆయన భార్య ఆ తర్వాత కూడా నన్ను చూసి ఎన్నడూ ముందు నవ్వలేదు.

ముసురు వెలిశాక వాళ్ళిద్దరూ పుంగనూరు వచ్చారు. మొదట మా బాట సరిచేసి, తర్వాత కుప్పం పోతామన్నారు. బండలు లేపారు. ఆయన తను మూడు రోజులు ఎక్కువ శ్రమపడి సమం చేసిన ఇసుకను చెయ్యి ఆడిస్తూ ఒకవైపు గీకేస్తుంటే నేను అక్కడ నిలబడలేకపోయాను. లోపలికి వెళ్ళి నా మాటల పుస్తకం తీశాను. “వ” కింద వాటం అని రాసి, అర్థం రాయబోయి ఆగాను. ఆయన్నే అడిగి రాద్దామని బయటికి వచ్చాను.

అంచురాళ్ళలో రెండుచోట్ల సందు వదిలాడు. ఆ సందుల బయట నా పూలమొక్కలు. బండలన్నీ కుదిరాక రసమట్టం బయటికే తీయలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

“పొయ్యమంటారామ్మా?”

“ఆగు” అన్నాను. లోపలికి పరుగెత్తి గుప్పెడు రాగిపొట్టు తెచ్చి బండ మీద చల్లాను. ఆయన భార్య నావైపు వింతగా చూసింది.

మేస్త్రి చెంబు వంచాడు. నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగాయి. తర్వాత పొట్టును ఎత్తుకుని, పక్కకు తిరిగి, అంచు వెంట జారి, సందులోంచి మొక్కల్లోకి వెళ్ళిపోయాయి. బండ మీద తడి మెరుపు తప్ప ఏమీ మిగలలేదు.

“వాటం ఇచ్చినానమ్మా” అన్నాడు బుగ్గన ఆకు సర్దుకుంటూ. “ఎవురికిచ్చినానో బాగా సూసుకోండి. మళ్ళా మదనపల్లెకి రాసేరు.”